చొక్కా మీద వాసన

మొన్న దోస్తులు దావత్‌కి పిలిస్తే గచ్చిబౌలి వైపు వెళ్లాను. బీరు అక్కడే కాచి అక్కడే పోసే చోటు. నాకు నింబూ సోడా, వాళ్ల ముందు చిన్న చిన్న గ్లాసులు. జర్మన్ తరహా గోధుమ బీరులో అరటిపండు, లవంగం ఖుష్బూ వస్తుందట. అవేవీ వేయరు, అంతా ఖమీర్ పని అన్నాడు వడ్డించే కుర్రాడు. మన నాన్‌రొట్టె పిండిని పొంగించే ఖమీరే! ఐరిష్ నల్ల స్టౌట్‌లో కాఫీ చేదేమో, బార్లీని మాడేదాకా వేయించడం వల్లనట.

"నీకేం తెలుస్తుందిలే భాయ్, ఈ లజ్జత్" అంటూ ఒకడు ఆ స్టౌట్ కాస్త నా చొక్కా మీదే ఒలికించాడు. నవ్వేశాను గానీ గుచ్చుకుంది. హరామ్ అని వదిలేసినవాడికి జౌఖ్ ఉండదా? కళ్లు మూసుకుని ఏ అత్తరు ఏదో చెప్పే అబ్బాకి కొడుకుని నేను.

ఇంటికొచ్చేసరికి పదకొండు. తలుపు తీసిన అమ్మీ దగ్గరికొచ్చి గట్టిగా ఊపిరి పీల్చింది. నలభై దాటిన కొడుకుని!

"తాగలేదమ్మీ."

"నేనడిగానా?"

తెల్లారి ఫజర్ తర్వాత ఖహ్వా కాచాను, పాలు లేకుండా. యెమెన్ సూఫీలు రాత్రుళ్లు జిక్ర్‌లో నిద్ర రాకుండా తాగిందిదే. దీన్నీ 1511లో మక్కాలో నిషేధించారు. పాత అరబ్బీలో ఖహ్వా అనేది షరాబ్‌కే ఒక పేరు మరి.

"ఏం వాసనలొస్తున్నాయో చెప్పమ్మీ" అని కప్పు చేతికిచ్చాను.

కళ్లు మూసుకుంది. "మాడిన రొట్టె... వెనకాల కొంచెం పులుపు." ఆగి, ఇంకోసారి పీల్చింది.

"రాత్రి నీ చొక్కా కూడా ఇట్లాగే ఉంది."