అత్త అడిగిన ప్రశ్న

మా వీధిచివర నివసించు క్రైస్తవ ఉపాధ్యాయిని యొకతె గత వేసవిలో మాకొక ఆంగ్లనవల నిచ్చెను. మేము ఇంటియందే తండ్రిగారియొద్ద భారత భాగవతములు చదువుకొన్నవారమేగాని, ఆంగ్లమున అంతటి ప్రవేశము లేదు. అందుచే రాత్రి భోజనములైన పిమ్మట మావారు చదివి అర్థము చెప్పుచుండగా వినుచువచ్చితిమి. వంటిల్లు సర్దుట ఆలస్యమైనచో వారే మమ్ము తొందరపెట్టిరనిన, కథ యెట్టిదో సోదరీమణు లూహింపగలరు.

అమెరికా రచయిత్రి డీ హెండర్సన్ 2000 సంవత్సరమున ప్రకటించిన ‘ది నెగోషియేటర్’ అను నవల యది. కేట్ ఓమాలీ షికాగో పోలీసుశాఖలో, దుండగులు నిర్బంధించిన జనులను మాటనేర్పుచే విడిపించు నుద్యోగిని. డేవ్ రిచ్‌మన్ కేంద్రప్రభుత్వపు పరిశోధకశాఖయగు ఎఫ్.బి.ఐ.లోనివాడు. ఒక బ్యాంకులో బాంబుతో నిలిచిన దుండగుని యెదుటనే వీరికి పరిచయము. పిదప నొక విమానము బాంబుచే నాశనమగును. ఆ కుట్రకు గుఱి కేటే యేమో యను శంక పుట్టును. కేట్‌కు తల్లిదండ్రులు లేరు. అనాథశరణాలయమున పెరిగిన యేడుగురు ఒకే యింటిపేరు పెట్టుకొని అన్నదమ్ములు అక్కచెల్లెండ్రయిరి. ఈ కల్పన మాకు మిక్కిలి నచ్చినది.

డేవ్ ఆమెను ప్రేమించును. కాని ఆమెకు దైవవిశ్వాసము లేదు గావున వివాహమునకు వెనుదీయును. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవపత్రికలో అట్టి కట్టడి గలదని పుస్తకమిచ్చిన యామె మాకు చెప్పెను. ఇట్టి నవలలు అమెరికాలో నొక ప్రత్యేకశాఖ; తల్లి చదివి కూతునకు నిర్భయముగ నీయవచ్చును. మన కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరుని కథలలో దోషి పట్టుబడుటతో కథ తీరును. ఇచట నది చాలదు. న్యాయమును దయయు ఒకే దేవునియందెట్లు నిలుచునని కేట్ మథనపడును. నిద్రించు తన బిడ్డలను చంపిన అశ్వత్థామను విడువుడని, వాని తల్లి తనవలె నేడ్వరాదని ద్రౌపది వేడిన భాగవతఘట్టము మాకప్పుడు తోచినది. మతబోధ కొన్నిచోట్ల కథకు అడ్డుపడినమాట నిజమే. తుపాకులు మ్రోగుచుండ అంత తీరికగా మాటలాడుట మాకు నమ్మశక్యము కాలేదు.

ఏలయన, అట్టి భయమును మేమెఱుగుదుము. మా మేనమామ 2005 నాటికి నల్లమల యంచున నొక ఠాణాలో కానిస్టేబులు. 2004 అక్టోబరులో మావోయిస్టు ప్రతినిధులు అడవి వెడలి ప్రభుత్వముతో చర్చలకు వచ్చినప్పుడు అత్త చెన్నకేశవస్వామికి కొబ్బరికాయ కొట్టెను. 2005 జనవరిలో చర్చలు చెడెను. ఏప్రిల్ 27న ఒంగోలులో జిల్లా పోలీసు సూపరింటెండెంటు కారు గుఱిగా మందుపాతర ప్రేలెను. ఆయన బ్రతికిరి, దారినిబోవు నిరపరాధులు మరణించిరి. దారులలో పాతరల భయముచే మామ జీపెక్కక, లుంగీకట్టి, కూరగాయలసంచి చేతబట్టి ఆర్టీసీ బస్సులో నింటికి వచ్చెడివాడు. ఆయన యేమి చేయునని యెవరైన నడిగినచో, పలకల క్వారీలో పని యని చెప్పవలెనని పిల్లలమైన మాకు అత్త యాన. ఉతికిన యూనిఫారమును దండెముపై నెండలో ఆరవేయక, వంటింటి మూల పొగలో ఆరవేసెడిది.

ఒకనాడు కడపటి బస్సు వచ్చినను మామ రాలేదు. పుస్తకమిచ్చిన యామె తల్లి ఆ రాత్రి మా యింటనే కూర్చుండి మోకరించి ప్రార్థించెను. అత్త దీపమున నూనె పోయుచుండెను. ఎవరు ఎవరిని వారింపలేదు. తెల్లవారి మామ మడమలు పగిలి, నడచియే వచ్చెను.

ఇప్పుడాయన పింఛను పుచ్చుకొనుచు మనుమలతో నున్నాడు. మొన్న అత్త మాయింటికి రాగా కథనంతయు చెప్పితిమి. విమానము కూలినచోట నామె కనురెప్ప వేయలేదు, వివాహప్రసక్తికి నవ్వెను. తుదకు, “ఆ డేవు గుడ్డలు యాడ ఆరేస్తారమ్మా?” అని యడిగెను.

ఆ శాఖవారికి యూనిఫారము లేదనియు, అందఱవలె కోటే తొడుగుదురనియు మావారు చెప్పిరి.

“అయితే ఆ పిల్ల అదృష్టవంతురాలు,” అని అత్త చేటలోని బియ్యము చెరుగసాగెను.