అడుసు తొక్కనేల?

కాలు కడుక్కోవాల్సి వస్తుందని పెద్దలు ముందే చెప్పారు. అయినా తొక్కాను. రండి, ఇలా అరుగు మీద కూచోండి. చలిమంట ఇంకా ఆరలేదు, చెప్తాను.

మాది కడియం. ఆ మాట అనగానే మీకు మొక్కలు గుర్తొస్తాయి, తప్పు మీది కాదు. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, ఎటు తిరిగినా నర్సరీలే. మా ఊళ్లో చిన్న పిల్లాడు సైతం గుప్పెడు మట్టి పిసికి చూసి, ఇది గులాబీకి ఫరవాలేదు, ఇందులో ఇంకాస్త ఎరువు పడాలి అని తేల్చేస్తాడు. ఇంత మట్టి తెలిసిన ఊళ్లో పుట్టి, నాకు మట్టి తెలుసనుకోవడం సహజమే కదా!

మొన్న వానలకి పెరట్లో నీళ్లు నిలుస్తున్నాయని ఓ గొయ్యి తవ్వించాను. మూడడుగులు దిగేసరికి పారకి అంటుకుని ఊడిరాని నల్లటి మన్ను తగిలింది. తవ్వే కుర్రాడు పార జాడించలేక విసుక్కున్నాడు. నాకేమో ఆశ పుట్టింది. గోదారి తరతరాలుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు, పైసా ఖర్చు లేకుండా నా పెరట్లో. కుండ చేస్తే?

ఓ ముద్ద కాగితంలో చుట్టుకుని, పక్క ఊళ్లో సారె తిప్పడం మానేసిన ఓ పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపాడు. చిటికెడు తీసి ముందుపళ్ల మధ్య పెట్టుకుని కొరికాడు. కరకరమంది.

"ఇసక ఉందండి మాస్టారూ, ఆయ్. వేర్లూ ఉన్నాయి. ఇది మొక్కల మట్టండి. బలమని మీరు ఏవైతే కలుపుతారో, అవన్నీ తీసేస్తే గానీ కుండల మట్టి అవదండి."

నిజమే. మొక్కకి మట్టి గుల్లగా ఉండాలి, గాలాడాలి, నీళ్లు దిగిపోవాలి, ఆకూ అలమూ చివికి కలవాలి. కుండకి ఇందులో ఒక్కటీ గిట్టదు. యాభై ఏళ్లుగా నేను నేర్చుకున్నదంతా తలకిందులైంది.

ముందు మన్నుని ఎండబెట్టమన్నాడు. ఎలాగూ నానబెట్టేదానికి ఎండెందుకని నా తెలివికొద్దీ తడిముద్దే బకెట్లో వేశాను. రెండు రోజులైనా రాయిలా కూచుంది. అదే, ఎండిన పెళ్ల వేస్తే చూడాలి, బుసబుసమని బుడగలు వదులుతూ నిమిషాల్లో విచ్చుకుపోతుంది. బాగా కలిపి, ఇరవై అంకెలు లెక్కపెట్టేసరికి ఇసక అడుక్కి దిగుతుంది. పైన మిగిలిన చిక్కటి బురదనీళ్లని పాత పంచెలో వడకట్టి వేరే బకెట్లోకి పోశాను. అసలు బంకమన్ను ఆ నీళ్లలో ఉంది. దాని రేణువులు మిల్లీమీటరులో 500వ వంతు కన్నా చిన్నవి, పైగా రేకుల్లా పలచన. తడి రేకులు ఒకదాని మీద ఒకటి జారతాయి, అదే జిగట. గౌతమి అవతల ఆత్రేయపురంలో పూతరేకుల దొంతర చూశారుగా, అలాగనుకోండి. అన్నట్టు, ఆ రేకు వేసేదీ బోర్లించిన కుండ మీదే. 2023లో భౌగోళిక గుర్తింపు రేకుకి దక్కింది, కుండ పొయ్యి మీదే ఉండిపోయింది.

వారం తేర్చి, పై నీళ్లు వంపేసి, మిగిలిన బురదని పెరుగు మూటలా గుడ్డలో కట్టి వేలాడదీశాను. అయిదు బకెట్ల మట్టికి ముప్పాతిక బకెట్టు బంక తేలింది. దాన్ని గోనెపట్టా మీద వేసి కాలితో తొక్కాను. చల్లగా, వెన్నలా ఉంది. తాడులా పేని వేలికి చుడితే ఒక్క బీట లేదు! పొంగిపోయాను.

పలకలా తట్టి దాని మీద 10 సెంటీమీటర్ల గీత గీశాను. ఎండాక కొలిస్తే 8.8. పలక అడ్డంగా రెండు ముక్కలైంది. మళ్లీ పెద్దాయన దగ్గరికి పరుగు.

"మరీ జిగురైపోయిందండి. ఇసక కలపండి."

"ఇన్నాళ్లూ ఇసక తియ్యడానికేగా చచ్చాను?"

"తీసినప్పుడు ఎంతుందో మీకు తెలీదు కదండీ. ఇప్పుడు వేసేది తెలుస్తుందండి, ఆయ్."

నాలుగు పాళ్లకి ఒక పాలు ఇసక కలిపాను. ఆరు ప్రమిదలు వత్తి నీడన ఆరబెట్టి, పిడకలూ ఊకా పేర్చి కాల్చాను. మన్ను 600 డిగ్రీల దాకా కాగితే గానీ లోపల కలిసిపోయి ఉన్న నీరు వదలదు. వదిలిందా, ఇక నానబెట్టినా మట్టి అవదు. ఒకటి మాత్రం మంట మొదట్లోనే ఠాప్‌మని పేలిపోయింది, పూర్తిగా ఆరలేదు కాబోలు. అయిదు బతికాయి. మన్నులోని ఇనుము పుణ్యమా అని ఎర్రగా, పొగ తగిలినచోట నల్లగా, చూడముచ్చటగా ఉన్నాయి.

అయిదో రోజున ఒకదాని అంచున గోరంత పెచ్చు లేచిపోయింది. అడుగున తెల్లటి చుక్క. నత్తగుల్ల ముక్క! కాలి సున్నమై, గాలిలో తేమ తాగి ఉబ్బింది. మన్నులో నుంచి వచ్చింది కాదు. మన్నుని పంచెలో వడకట్టినవాణ్ణి, ఇసకని పిండి జల్లెడతో సరిపెట్టాను మరి.

నిన్న సాయంత్రం రెండు వెలిగించాను. గంట తిరక్కుండా నూనె అయిపోయి, అరుగు మీద రెండు గుండ్రటి మరకలు పడ్డాయి. కొత్త ప్రమిదలు నీళ్లలో నానబెట్టాలని తెలీదూ అంటూ మా ఆవిడ సున్నిపిండితో తోమింది. మిగిలిన రెండూ పొద్దున్నే బకెట్లో వేశాను. అదిగో, అక్కడే ఉంది. మీరు చూడండి, నాకు ధైర్యం చాలడంలేదు, అడుగున ప్రమిదలున్నాయా, మళ్లీ అడుసే ఉందా.