మహబూబ్ చౌక్‌లో పాత వెండి

చార్మినార్ నుండి పడమటి వైపు లాడ్ బజారులోకి నడిచి, గాజుల దుకాణాల మెరుపు దాటితే మహబూబ్ చౌక్ వస్తుంది. 1892లో ఆస్మాన్ జాహ్ కట్టించిన గడియార స్తంభం, దాని సమీపంలోనే చౌక్ మస్జిద్. ఈ పరిసరాలలో ఇత్తడి సామాను, తాళాలు, ఆగిపోయిన గడియారాలతోపాటు పాత నాణేలు కూడా అమ్ముతారు. అద్దాల వెనుక అమర్చినవి మనబోటి వారి కొరకు కాదు. అస్ర్ నమాజు తరువాత గోడవారన గుడ్డ పరచి కూర్చునే వారి వద్దకే విద్యార్థులు, చిన్న జీతగాళ్ళు చేరతారు. వారి జేబులో డబ్బు తక్కువ. తమ వద్ద రెండేసి ఉన్న నాణేలను రుమాలులో మూటకట్టి తెచ్చి, లేనివాటితో మార్చుకుంటారు.

అరబీ, ఫార్సీ చదివినవారికి ఆ గుడ్డ ముందు పొద్దు తెలియదు. సుత్తి దెబ్బతో ముద్రించిన పాత ఆసఫ్‌జాహీ రూపాయిపై నిజాముల్ ముల్క్ అన్న బిరుదుతోపాటు 92 అనే అంకె ఉంటుంది. అది సంవత్సరం కాదు. అబ్జద్ లెక్కలో మీమ్‌కు 40, హేకు 8, మళ్ళీ మీమ్‌కు 40, దాల్‌కు 4. కూడితే ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) అన్న శుభనామం. 1903లో సైఫాబాద్ టంకశాల మొదలైన కాలానికి యంత్రంపై కొట్టిన చార్మినార్ రూపాయి వచ్చింది. దాని ద్వారంలో మీమ్ కనిపిస్తే మహబూబ్ అలీ ఖాన్ కాలం, ఐన్ కనిపిస్తే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. ఈ ఒక్క అక్షరం కోసం కళ్ళద్దాలు తుడుచుకునే వృద్ధులను అక్కడ చూశాను.

మదర్సాలో హిదాయా గ్రంథం చదివినవారికి వడ్డీ ప్రకరణంలోని ఒక చర్చ గుర్తుండే ఉంటుంది. ఒక రాగి నాణేనికి రెండు రాగి నాణేలు, ఫలానావని చూపి మార్చుకోవచ్చునా? ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అబూ యూసుఫ్ గార్లు వచ్చునన్నారు. ఇమామ్ ముహమ్మద్ గారు కూడదన్నారు. రాగికి డబ్బు హోదా ఇచ్చింది ప్రజలు, ఇద్దరు వ్యక్తులు కూర్చుని దానిని తీసివేయలేరని ఆయన వాదన. నిజాం కాలపు పైలు, అణాల విషయంలో ప్రజలే ఆ హోదాను ఎన్నడో తీసివేశారు గనుక వాటి మార్పిడిలో ఇబ్బంది కనిపించదు. వెండి సంగతి వేరు. దాని హోదా ప్రజలిచ్చింది కాదు, ప్రజలు తీసివేస్తే పోయేదీ కాదు. చెల్లుబాటు పోయినా వెండికి వెండి ఇచ్చినప్పుడు తూకం సమానంగా ఉండాలి, చేతికి చేయి అందాలి. టపాలో పంపుకునే వెండి మార్పిడికి ఈ షరతు నెరవేరదు.

నేను వెళ్ళిన రోజున పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు అరిగిన రెండు ఉస్మానియా రూపాయిలు చేతబట్టుకుని, ఒక నిగనిగలాడే మీమ్ రూపాయి కోసం బేరం కుదుర్చుకున్నాడు. రెండుకు ఒకటి! ఖైబర్ ఖర్జూరాల హదీసు కళ్ళ ముందు నిలిచింది. నాసిరకం రెండు సాలిచ్చి మేలురకం ఒక సా తీసుకోవడాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించి, ఉన్నవాటిని దిర్హములకు అమ్మి, ఆ దిర్హములతో మేలురకం కొనమన్నారు.

“బాబూ, ముందు నీవి నగదుకు అమ్ము. ఆ తరువాత కొనాలనిపిస్తే కొను,” అన్నాను.

అమ్మే ఆయన నొచ్చుకోలేదు. “మౌలానా సాబ్ చెప్పింది న్యాయమే. నగదే ఇస్తాను,” అని ధర చెప్పాడు. ఆ రెండింటి ధర మీమ్ రూపాయి ధర కన్నా ఎక్కువ తేలింది. మార్పిడిలో ఈ తేడా ఎవరికీ కనబడి ఉండేది కాదు.

కుర్రవాని ముఖం వెలిగింది. “ఇలాంటివి దాదీమా డబ్బాలో అరవై ఉండేవి. వీటికి జకాత్ ఉందా ఉస్తాద్?” అన్నాడు.

వెండి నిసాబ్ యాభై రెండున్నర తులాలు, అనగా 612.36 గ్రాములు. యుద్ధకాలానికి ముందటి ఉస్మానియా రూపాయి 11.18 గ్రాములు, అందులో నూటికి దాదాపు 82 వంతులు వెండే. వెండి అధికంగా ఉన్నదానిని పూర్తిగా వెండిగానే లెక్కిస్తారు కాబట్టి 55 రూపాయిలకే నిసాబ్ నిండుతుంది. ఇంట్లో బంగారం, నగదు ఉంటే ఇంకా ముందే.

అయితే ముందు అడగవలసిన మాట వేరే ఉంది. “దాదీమా బ్రతికే ఉన్నారా?”

“పోయి ఆరేళ్ళయింది. దాదా అంతకుముందే పోయారు.”

“ఆమె పిల్లలు?”

“అబ్బా, ఇద్దరు ఫుఫ్ఫీలు.”

“పంచారా?”

పంచలేదు. డబ్బా వీళ్ళ బీరువాలోనే ఉండిపోయింది. కొడుకుకు రెండు పాళ్ళు, కూతుళ్ళకు ఒక్కొక్క పాలు. అరవైలో ముప్పై తండ్రివి, పదిహేనేసి మేనత్తలవి. అప్పుడు జకాత్ లెక్క కూడా ఎవరి ఆస్తిని బట్టి వారిదవుతుంది. ఇవన్నీ వేళ్ళపై లెక్కించి చూపించాను. ఇంటింటా మరుగున పడే వాటా ఇదే. పొలమైతే కనీసం పంచాయితీ జరుగుతుంది, డబ్బాలోని వెండిని ఎవరూ అడగరు.

అతడు రెండు రూపాయిలనూ రుమాలులో తిరిగి కట్టుకున్నాడు. అమ్మే ఆయన ఏమీ అనక, గుడ్డ చివరనున్న తుగ్రా ముద్ర గల రెండు పైల రాగి నాణెం అతని ముందుకు జరిపాడు. అది జేబుఖర్చుతో కొనగలిగినదే. కొన్నాడు. పెద్ద ఫుఫ్ఫీ ఉండేది వికారాబాదులోనట, అబ్బాతో మాట్లాడి ఆదివారం డబ్బా తీసుకుని వెళతామన్నాడు.