ల కొడితే పసుపు, ళ కొడితే ఎరుపు

మా ఇంటికి వచ్చినోళ్లందరు అడుగుతున్నరు, గీ కీబోర్డుల గీ రంగు లైట్లేంది, వయసొచ్చినంక గీ సోకు ఏందని. సోకు కాదు. జర ఓపికతో చదువుండ్రి, చెప్త.

మా బాపు పేరు మీదున్న భూమి కాగితంల ఇంటిపేరు సరిచెయ్యాలని ఒక దుకాణంల దరఖాస్తు కొట్టిచ్చినం. మా ఇంటిపేరుల ళ ఉంటది. ఆయన ల కొట్టిండు. ఆధార్ల ఒక తీరు, దరఖాస్తుల ఇంకో తీరు. కాగితం వాపస్ వచ్చింది. మళ్ల కొట్టిచ్చినం, ఈసారి ఇంటిపేరు మంచిగనే ఉన్నది గాని ఊరి పేరుల అక్షరం పోయింది. అది పసుపు ఉడకబెట్టే కాలం. ఒకదిక్కు కల్లంల కొమ్ములు, ఇంకోదిక్కు కథలాపూర్ల ఆఫీసు చుట్టు తిరుగుడు. ఒక్క అక్షరానికి బాపు మూడు రోజుల పని పోగొట్టుకున్నడు. లోను దాని మీదనే ఆగి ఉండె. అప్పుడే అనుకున్న, మన కాగితం మనమే కొట్టుకోవాలని.

తెలుగు కొట్టనీకి ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి నేర్చుకున్న. ఇది ప్రభుత్వం వాళ్లు 1986ల తెచ్చింది, కంప్యూటర్ల ముందునుంచే ఉంటది, కొనేది లేదు. ఎడమచేతి దిక్కు అచ్చులు, గుణింతాలు. కుడిచేతి దిక్కు హల్లులు. కె మీద క, షిఫ్ట్ పట్టి కొడితే ఖ. రెండు నెలలల్ల చేతికి వస్తది. కష్టం ఎక్కడంటే, ల, ళ ఒకటే మీట మీదుంటయి. షిఫ్ట్ లేకుంటే ల, ఉంటే ళ. స, శ కూడ అంతే. మ ఉన్న మీట మీదనే ణ. మూడు మీటలు కింది వరుసలనే. బాపు కాగితం పాడైంది ఇగో ఇక్కడ్నే.

మా తమ్ముని కొడుకు హైదరాబాద్ల ఇంజినీరింగ్ చదువుతున్నడు. వాడు సొంతంగ కట్టిన కీబోర్డు నాకిచ్చిండు. లోపల చిన్న బోర్డు, దాంట్ల క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్. ఫర్మ్‌వేర్ అంటే కీబోర్డు లోపల ఉండే బుద్ధి అనుకోండ్రి. ఇది ఉచితం, ఎవరైనా మార్చుకోవచ్చు. ప్రతి మీట కింద ఒక బుల్లి లైటు, డబ్ల్యూఎస్ 2812 రకం. గణపతి మండపాలల్ల పరుగెత్తే పిక్సెల్ లైట్లు చూస్తరు గదా, గదే పద్ధతి.

గీ లైట్లకు ఒక్కోదానికి ఒక్కో తీగ ఉండదు. అన్నిటికి కలిపి ఒకటే సమాచారం తీగ. మనం మడి నుంచి మడికి నీళ్లు పారిచ్చినట్టే. ముందు మడి తన వంతు తీసుకొని మిగిలింది కిందికి వదులుతది. మొదటి లైటు తనకు వచ్చిన 24 బిట్లు ఉంచుకుంటది, అంటే పచ్చకు 8, ఎరుపుకు 8, నీలానికి 8. తర్వాత వచ్చేది పక్క లైటుకు పంపుతది. నడుమ ఒకటి చెడిపోతే దాని తర్వాతవి ఆరిపోతయి. వరద కాలువ తూము కాడ ఏం జరిగినా చివరి ఆయకట్టుకు తెలుస్తది గదా, అట్ల.

సెట్టింగుల అసలు పని లైట్ల లెక్క. తీగ మొదటి వరుసల ఎడమ నుంచి కుడికి పోతది, రెండో వరుసల కుడి నుంచి ఎడమకు వస్తది, నాగలి తిప్పి దున్నినట్టు. అందుకే ఏ మీట కింద ఎన్నో నంబరు లైటుందో నోటుబుక్కుల గీసుకొని లెక్కపెట్టుకున్న. ఒక సాయంత్రం మొత్తం పట్టింది. 68 లైట్లుంటే 60 అని రాస్తే చివరి 8 వెలుగవు. రంగుల వరుస గూడ చూడాలె. ఈ రకంల పచ్చ ముందు వస్తది. ఫర్మ్‌వేర్ల ఎరుపు ముందని ఉంటే ఎరుపు అడిగితే పచ్చ వెలుగుతది.

ఇగ నేను పెట్టుకున్న నియమం. అచ్చుల దిక్కు లేత నీలం, హల్లుల దిక్కు పసుపు. షిఫ్ట్ పట్టంగనే ఆ మూడు మీటలు, అంటే ళ, శ, ణ ఎర్రగైతయి. షిఫ్ట్ వదిలితే మళ్ల పసుపు. లైట్లు మారే ప్రతిసారి ఫర్మ్‌వేర్ షిఫ్ట్ పట్టి ఉందా లేదా చూసుకుంటది, నాలుగైదు లైన్ల రాత అంతే. రాసినంక బోర్డు మీది చిన్న బటన్ ఒత్తిపట్టి కేబుల్ పెడితే పెన్ డ్రైవ్ లెక్క కనిపిస్తది, ఫైలు దాంట్ల వేస్తే అయిపాయె. రెయిన్‌బో తిరిగే రంగులు గూడ ఉన్నయి. మండపానికి బాగుంటయి, దరఖాస్తుకెందుకు?

ఒకటి చెప్పాలె. కీబోర్డుకు తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. ఏ మీట నొక్కినవో గదే కంప్యూటర్‌కు చెప్తది, అక్షరం వేసేది కంప్యూటర్. భాష మార్చే మీటకే లైట్ల రంగు గూడ మారేటట్టు కట్టిన, గాని కంప్యూటర్ల చేత్తో భాష మారిస్తే కీబోర్డుకు తెల్వది. రంగు తెలుగుది, అక్షరం ఇంగ్లీషుది పడతది. అందుకే మొదటి అక్షరం తెర మీద చూసుకొనే ముందుకు పోత.

వెలుగు గూడ తగ్గించుకోండ్రి. ఒక్క లైటు పూర్తి తెలుపుల సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తాగుతది, 68కి నాలుగు ఆంపియర్లు దాటుతది. మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది అర ఆంపియరే. 255ల 60 పెట్టుకున్న, రంగులు గూడ నిండుగ పెట్టలే. ఇంకో లాభం ఉన్నది. వరి పొట్ట మీదున్నప్పుడు రాత్రి వాకిట్ల కూసోని కొడితే సుడిదోమ వెలుగుకు వచ్చి మీటల మీద రాలుతది. తక్కువ వెలుగైతే తక్కువ వస్తది. ఐదు నిమిషాలు ముట్టకుంటే ఆరిపోయేటట్టు గూడ పెట్టిన.

బాపు కాగితం నాలుగోసారి నేనే కొట్టిన. ళ కొట్టంగ మీట ఎర్రగైంది, పక్కన కూసున్న బాపు గూడ చూసిండు. ఆ దరఖాస్తు తీసుకున్నరు. అప్పటి సంది మా వాడకట్టోళ్ల కాగితాలు గూడ కొడుతున్న, పైసలు తీసుకోను. పేరు కొట్టేముందు ఒక్కో అక్షరం పలికిస్త, విసుక్కోవద్దు. రావాలనుకునేటోళ్లు రాత్రి ఎనిమిది దాటినంక రండ్రి, ఆధార్ జిరాక్సు తెచ్చుకోండ్రి. కరెంటు పోతే మాత్రం తెల్లారినంకనే.