వీలునామా లేని యాస్తి

మన కుటుంబములలో మరణమును గూర్చి మాటలాడుట యశుభము. కావున తన యనంతరము ఆస్తి యెవరికి చెందవలెనో బ్రతికియుండగా వ్రాసియుంచుటయు నశుభమే యని పెద్దలు తలంతురు. మా పెదతండ్రిగారు నట్లే తలంచిరి. వారు తెనాలిలో ఉపాధ్యాయులుగా పనిచేసి, స్వార్జితముతో నొక యిల్లు కట్టుకొని, రెండు బ్యాంకులలో కొంత సొమ్ము నిలువచేసి, వీలునామా వ్రాయకయే కాలధర్మము నొందిరి. వారికి భార్య, ఇద్దరు వివాహితలగు కుమార్తెలు, వారి తరువాత నొక కుమారుడు కలరు. వీరుగాక తొంబదియేండ్లు దాటిన తల్లి, అనగా మా నాయనమ్మ, సజీవురాలై యున్నది.

పండ్రెండవనాడు భోజనములైన పిమ్మట అన్నగారు అక్కలయెదుట స్టాంపు కాగితము లుంచి సంతకములు చేయుడని కోరెను. అతడు దుష్టుడు కాడు. తండ్రిని ఏడాదికి మించి మంచముకడ కూర్చుండి సేవించినవాడు. కట్నములిచ్చి పెండ్లిండ్లు చేసినందున అక్కల లెక్క తీరిపోయినదని యతని నమ్మకము. (వరకట్నము 1961 నుండి నేరము. నేరముగా నిచ్చిన సొమ్ము న్యాయమైన హక్కునకు బదులగుట యెట్లో నాకు బోధపడదు.) పెద్దక్క కలము చేతబట్టుకొనెను గాని, చిన్నక్క, "ఇందులో నేమి వ్రాసిరో చదువనీ తమ్ముడూ" యనెను. ఆ యొక్క మాటకు ఇల్లంతయు నిశ్శబ్దమయ్యెను. చదివి సంతకము చేయుదునన్న స్త్రీని ఆశపోతనుట మనకు అలవాటైన పని.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఈ విషయమున స్పష్టముగనే యున్నది. పురుషుడు వీలునామా లేక మరణించినచో, భార్యయు, కుమారులును, కుమార్తెలును, తల్లియు మొదటి తరగతి వారసులై తలకొక సమభాగము పొందుదురు. తండ్రి యీ తరగతిలో లేడు, తల్లి కలదు! కుమార్తెకు పెండ్లియైనదా లేదా యని చట్టమడుగదు. 2005 నాటి సవరణతోనే ఆడపిల్లలకు హక్కు వచ్చెనని పలువురనుకొందురు. ఆ సవరణ యిచ్చినది సమష్టి కుటుంబపుటాస్తిలో జన్మహక్కు. ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణ యంతకుముందే దానిని అవివాహితలకు కలిగించియుండెను. తండ్రి స్వార్జితమందు మాత్రము సమభాగము 1956 నుండియు నున్నదే. కావున మా పెదతండ్రిగారి యాస్తికి భాగములైదు.

బ్యాంకులో నొక గుమాస్తా "ప్రొబేటు తెండు" అనెను. ప్రొబేటనగా వీలునామా నిజమైనదని న్యాయస్థానము ధ్రువపరచుట. వీలునామాయే లేనియెడ ప్రొబేటెక్కడిది? నామినీ లేని ఆ నిలువకు కావలసినది, 1925 నాటి భారత వారసత్వ చట్టము క్రింద నిచ్చు వారసత్వ ధ్రువపత్రము. మృతుడు నివసించిన ప్రాంతపు జిల్లా న్యాయస్థానమున అర్జీ పెట్టి, అందు మరణదినము, నివాసము, దగ్గరి బంధువులందరి పేర్లు, రావలసిన సొమ్ముల పట్టిక వ్రాయవలెను. న్యాయాధిపతి నోటీసులు పంపి, ఆక్షేపణలు విని, పిమ్మట పత్రమిచ్చును. ఇది నెలల పని. ఆ పత్రము అప్పులకు, డిపాజిట్లకు, వాటాలకు చెల్లునేగాని యింటికి చెల్లదు. దానిని చూచి సొమ్ము చెల్లించిన బ్యాంకునకు బాధ్యత తీరును. పుచ్చుకొన్నవాడు మాత్రము తక్కిన వారసులకు లెక్క చెప్పవలసినదే. తహసీలుదారిచ్చు కుటుంబసభ్యుల పత్రము ఎవరెవరు కలరో చెప్పును గాని, యెవరికెంతో చెప్పదు.

రెండవ బ్యాంకులో అన్నగారే నామినీ. ఆ సొమ్ము తనదేయని యతడనుకొనెను. నామినీ సొమ్ము పుచ్చుకొన నర్హుడే గాని, వారసుల హక్కును హరింపజాలడని సుప్రీంకోర్టు బ్యాంకు నిలువల విషయమున 2010లో తీర్పు చెప్పియున్నది. న్యాయవాది యీ మాట చెప్పగా నతడు రెండుదినములు భోజనమునకు సరిగా రాలేదు. మూడవనాడు అర్జీలో అక్కల పేర్లు తానే చెప్పి వ్రాయించెను. సేవచేసిన బిడ్డకు చట్టము వీసమైనను అధికముగా నీయదు. అట్టి కృతజ్ఞతను తెలుపుటకు వీలునామా యొక్కటే సాధనము. దానిని వ్రాయని పెదతండ్రిగారు కుమార్తెలకన్న కుమారునకే యెక్కువ యన్యాయము చేసిరని నా యభిప్రాయము.

ఇక నాయనమ్మ. ఆమె భాగమును ఆమెతో సహా అందరును మరచిరి. ఆమెయు వీలునామా లేక పోయినచో ఆ యైదవవంతు ఆమె బిడ్డలకు, అనగా మా నాన్నగారికి, మేనత్తకు, పెదతండ్రిగారి పిల్లలకు పంచబడును. పెద్దమ్మకు చిల్లిగవ్వయు రాదు. మా నాన్నగారీ సంగతి నొకనాడు మెల్లగా కదిపిరి. పెద్దమ్మ వినెను. ఆనాటినుండి మాతో మాటలు తగ్గించెను. తాను కూలివానితో సమముగా ఇటుకలు మోసి కట్టించుకొన్న యింటిలో మరదికి భాగమేమని యామె బాధ. ఆ బాధలో తప్పేమియు నాకు కనబడలేదు.

"నా కొడుకు సంపాదన నా కోడలిదే" యని నాయనమ్మ తేల్చెను. అయితే స్థిరాస్తిలో హక్కు విడుచుటకు నోటిమాట చాలదు, రిజిస్టరైన దస్తావేజు కావలెను. న్యాయవాది దస్తావేజు వ్రాసి తెచ్చి గట్టిగా చదివెను. ఆమె మరల చదివించుకొనెను. అటుపిమ్మట, "నేను బ్రతికినన్నాళ్లు ఈ యింటనే యుందునని యిందులో నున్నదా నాయనా?" యని యడిగెను. లేదు. వ్రేలిముద్రకు సిద్ధముచేసిన సిరాపెట్టెను పెద్దమ్మయే మూసి, ఆ మాట చేర్చి తిరిగి వ్రాసితెమ్మని న్యాయవాదికి కాగితములిచ్చివేసెను.