ఎదుటివాడి కళ్ళ సంగతి

యాన్బు నుంచి మదీనాకు రెండు వందల కిలోమీటర్ల పైనే. రాత్రిపూట ఆ వైపు సింగిల్ రోడ్ల మీద పికప్ నడిపే నాకు భయం రెండింటితోనే. ఒకటి అడ్డమొచ్చే ఒంటె, రెండోది ఎదుటి బండి లైటు. ఆ తెల్లలైటుకు కళ్ళు బైర్లు కమ్మితే రెండు సెకన్లు రోడ్డే కనపడదు. 100 వేగంలో సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతాం.

హాలోజన్ తీసేసి ఎల్ఇడి బల్బు పెట్టిస్తే వెలుగు పెరిగిందని సంబరపడతాం. కానీ లోపలి రిఫ్లెక్టరును హాలోజన్ ఫిలమెంటు ఉండే చోటును బట్టి చేస్తారు. వెలుగు పుట్టే చోటు మారితే అది చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. 60/55 వాట్ల బల్బు చోట పెద్దది వేసినా వైరు, హోల్డరు వేడెక్కి కాలతాయి. ఎండకు పచ్చబడిన లైటు కవరు పాలిష్ చేయించి, మంచి హాలోజన్ జత వేస్తే చాలావరకు సరిపోతుంది.

తర్వాత గురి చూడాలి. కంపెనీ బండి అయితే ముందు ఫోర్‌మన్‌కు చెప్పండి. టైర్లలో గాలి సరిచూసి, చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలపండి. లైటు మధ్యభాగం ఎత్తు గోడ మీద గీసి, డిమ్ వెలుగు పైఅంచు ఆ గీతకు 10 సెంటీమీటర్లు కిందికి వచ్చేలా స్క్రూ తిప్పండి. ఇక్కడ కుడివైపు నడుపుతాం కాబట్టి వెలుగు కుడిపక్క కొంచెం లేచి ఉంటుంది. మన ఇండియా లైట్లు దీనికి ఎదురు, ఇక్కడ పనికిరావు.

అన్నలారా, ఎదుటి బండిలో ఉన్నవాడూ డ్యూటీ దిగి క్యాంపుకు పోయేవాడే. వాడి ఫోను కోసమూ ఊళ్ళో ఎవరో ఎదురుచూస్తుంటారు.