మీటరు మీద తొమ్మిది వేలు

మా గజపతినగరంలో ఏ బండి కనబడినా అడిగే మొదటి ప్రశ్న "మైలేజెంత?" అనే. అంటే లీటరుకి ఎంతిస్తుందని. సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ బైకుల వీడియోల్లో మాత్రం అదే మాటకి అర్థం వేరు: బండి ఇప్పటిదాకా ఎంత తిరిగిందని. వేసవి సెలవుల్లో నేను ట్రాక్ కోసం బండి వెతుకుతున్నానని తెలిశాక మా వీధిలో అందరూ మొదటి అర్థంలోనే అడిగారు. ట్రాక్ మీద లీటరుకి ఎంతొస్తుందో చెబితే ఇంట్లోంచి గెంటేస్తారు కాబట్టి అది వదిలేసి రెండోదాని గురించే రాస్తున్నాను.

ట్రాక్ అంటే చెన్నై అవతల, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్నది. 1990లో మొదలైంది. ఒక ల్యాపు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ఫీజు కడితే మనలాంటివాళ్ళు కూడా తిప్పుకోవచ్చు. మా ఇంటర్ బ్యాచ్‌లో ఒకడి కాలిలో ఇంకా రాడ్ ఉంది, హైవే మీద సరదా పడ్డందుకు. అందుకే అమ్మ ఒకటే షరతు పెట్టింది: "స్పీడుగా ఎల్లాలనుంటే ఆ చెన్నైలోనే ఎల్లు. మన రోడ్డు మీద కాదు." ఆ మాట మీదే చీటీ ఎత్తిన నలభై వేలు నా చేతిలో పెట్టింది. నా ట్యూషన్ల డబ్బు, ఇంటర్న్‌షిప్ స్టైపెండు కలిపితే తొంభై వేలు. ఇందులోనే బండి, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, రిజిస్ట్రేషన్ మార్పు అన్నీ అవ్వాలి.

ఆ డబ్బుకి కుదిరేది ఆర్15 మూడో వెర్షనే. రెండు బండ్లు దొరికాయి. ఒకటి వైజాగ్‌లో, మీటరు మీద 9,400 కిలోమీటర్లు, లక్షకి ఐదు వేలు తక్కువ చెప్పాడు. రెండోది సాలూరు రూట్లో తిరిగే ఒక మెడికల్ రెప్‌ది, 38,000 కిలోమీటర్లు, డెబ్భై రెండు వేలు. మా నాన్నగారు ఆలోచించనే లేదు. "తొమ్మిది వేలంటే కొత్తబండే కదరా. అప్పో సప్పో చేసి అది తీసుకో."

కానీ కిలోమీటరు అన్ని చోట్లా ఒకటి కాదు. ఆ బండి ఆరో గేర్లో అరవైలో వెళ్తుంటే ఇంజను దాదాపు 4,500 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. ట్రాక్ మీద 9,000 చుట్టూ తిరుగుతుంది. రెట్టింపే కదా అనుకుంటాం. డైనమిక్స్ ఆఫ్ మెషినరీలో పిస్టన్ యాక్సెలరేషన్ ఫార్ములా బట్టీ పట్టి పరీక్ష రాశాం, గుర్తుందా? అందులో ఒమేగా స్క్వేర్ ఉంటుంది. వేగం రెట్టింపైతే కనెక్టింగ్ రాడ్డు మీద ఇనర్షియా బలం నాలుగు రెట్లు. అంటే హైవే మీద నెమ్మదిగా తిరిగిన కిలోమీటరునీ, చల్లటి ఇంజను స్టార్ట్ చేసి సందు చివరిదాకా గట్టిగా లాగిన కిలోమీటరునీ మీటరు ఒకేలా లెక్కపెడుతుంది. చల్లటి ఇంజను సంగతి వేరే చెప్పాలి: ఆయిలు సరిగా వేడెక్కకముందే బండి ఆపేస్తే లోపల చేరిన తడీ, పెట్రోలూ ఆయిల్లోనే ఉండిపోతాయి. రోజుకి పదిసార్లు రెండేసి కిలోమీటర్లు తిరిగిన బండికి రీడింగ్ తక్కువే ఉంటుంది, అరుగుదల మాత్రం ఉంటుంది.

పైగా మీటరే నిజం చెప్పాలని లేదు. డిజిటల్ కాబట్టి మార్చలేరనేది ఉత్తమాట. మీటరు మొత్తం మార్చేయొచ్చు, రీడింగ్ తగ్గించేవాళ్ళూ ఉన్నారు. హైవే పక్కన షెడ్డున్న మా మావయ్య అయితే మీటరు వంక చూడనే చూడడు. "గేరు లివరు రబ్బరు సూడు. గ్రిప్పులు సూడు. టైరు మీద నాలుగంకెలు సూడు. మీటరు మార్చినోడు అయ్యన్నీ మార్చడు," అన్నాడు.

వైజాగ్ వెళ్ళేటప్పుడు వెర్నియర్ కాలిపర్ పట్టుకెళ్ళాను. వెనక టైరు మీద కోడ్ 3521. అంటే 2021లో 35వ వారంలో తయారైన టైరు. బండేమో 2019 మోడలు. తొమ్మిది వేలకే కంపెనీ టైరు అరిగి మార్చారంటే ఎలా నడిపారో ఆలోచించాలి, లేదా రీడింగ్ గురించి ఆలోచించాలి. తర్వాత ముందు బ్రేక్ డిస్కు. దాన్ని నేరుగా వెర్నియర్‌తో కొలిస్తే తప్పొస్తుంది, ఎందుకంటే ప్యాడ్ తగలని అంచు అరగదు, దవడలు ఆ అంచునే పట్టుకుంటాయి. రెండు రూపాయి బిళ్ళలు అటూ ఇటూ అరిగిన చోట ఆనించి, మొత్తం కొలిచి, బిళ్ళల మందం తీసేయాలి. అంచుకీ లోపలికీ తేడా అర మిల్లీమీటరు పైనే వచ్చింది. ముందు చక్రం లేపించి హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడినట్టు ఆగింది. స్టీరింగ్ బేరింగులు దెబ్బతిన్నాయి. వీలీలు కొట్టి ముందు చక్రం దబ్బుమని దింపిన బండ్లకీ, గుంతల్లో నడిచిన బండ్లకీ ఇలా అవుతుంది. ఫ్రేము మీద స్టీరింగ్ స్టాపరు నొక్కుకుపోయి ఉంది, అంటే గట్టిగానే పడింది. ఫెయిరింగ్ మాత్రం అద్దంలా మెరుస్తోంది. సర్వీసు బిల్లులు అడిగితే "బయటే చేయించాను బ్రో" అన్నాడు. నేను టీ తాగి బస్సెక్కేశాను.

రెప్ గారి బండి దగ్గరికి పొద్దున్నే వెళ్ళాను. ముందురోజు ఫోన్ చేసి "స్టార్ట్ చెయ్యకుండా ఉంచండి సార్" అన్నాను. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూశాకే తాళం అడిగాను. ఆయన నవ్వి ఒక పాత డైరీ తెచ్చారు. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ తేదీ, రీడింగ్ రాసుకున్నారు (కంపెనీకి బిల్లు పెట్టాలి కదా). సర్వీసు బిల్లుల మీది రీడింగులూ, డైరీలోవీ ఒక వరసలో నడిచాయి. అరవై దాటించను బాబూ, నడుం నొప్పి, అన్నారు. ఆ నడుం నొప్పే నాకు కలిసొచ్చింది. ఈ ఇంజనులో 7,400 ఆర్‌పీఎం దాటాక వేరే ఇన్‌టేక్ క్యామ్ పనిలోకి వస్తుంది. ఆయన చేతిలో దానికి పెద్దగా పని పడి ఉండదు. ట్రాక్ మీద నాకు ఎక్కువగా కావలసింది అదే. బైపాస్ మీద ఒక్కసారి 8,000 దాటించాను, అది మారినట్టు స్పష్టంగా తెలిసింది. థ్రాటిల్ వదిలేసి మళ్ళీ ఇచ్చినప్పుడు అద్దంలో నీలం పొగ కోసం చూశాను, లేదు.

లోపాలు లేకపోలేదు. ఫోర్క్ సీల్ ఒకటి కారుతోంది. స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగాయి. వెనక షాక్ మెత్తబడింది. టైర్లు, ప్యాడ్లు, చెయిను ట్రాక్‌కి ఎలాగూ మార్చాల్సినవే కాబట్టి వాటి అరుగుదల నాకు నష్టం కాదు, బేరానికి పనికొచ్చింది. అరవై ఆరు వేలకి తెగింది. ఎంపరివాహన్‌లో ఫైనాన్స్ బాకీ, ఇన్సూరెన్సు చూసుకుని, ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నాను.

నాన్నగారు ఇంకా రెండు రోజులు మాట్లాడలేదు. "ముప్పై ఎనిమిది వేలు తిరిగీసిన బండికి అమ్మ చీటీ డబ్బులా?" అని మావయ్యతో అన్నారట. మావయ్య వాల్వ్ కవర్ విప్పి, క్లియరెన్సులు ఫీలర్ గేజ్‌తో చూసే రోజు ఆయన్నే పిలిచి టార్చి పట్టించాడు. ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ కొద్దిగా బిగుసుకుంది, మిగతా మూడూ లెక్కలోనే ఉన్నాయి. నాన్నగారు ఏమీ అనలేదు గానీ, సాయంత్రం మిగిలిన ఖర్చు ఎంతని అడిగి ఇచ్చారు.

ఇప్పుడు బండికి నేను కిలోమీటర్లు రాయట్లేదు, ఇంజను నడిచిన గంటలు రాస్తున్నాను. పుస్తకంలో మొదటి పేజీలో ఇంకా రెండు గంటలే ఉన్నాయి, అవీ మావయ్య షెడ్డు చుట్టూ తిప్పినవే. సెమిస్టర్ అవ్వగానే విజయనగరం స్టేషన్లో ట్యాంకు ఖాళీ చేసి చెన్నైకి పార్శిల్ వెయ్యాలి. ఫోర్క్ సీల్ వచ్చింది. షాక్‌కి డబ్బు ఇంకా చూసుకోవాలి.